ఈమూ పక్షులు, పెళ్లిచూపులు

అమ్మా, నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా మావయ్యగారు రైల్వేలో టికెట్ల కిటికీ దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసి రెండేళ్ల క్రితం రిటైరయ్యారు. మంచివారు, ఎవరినీ ఒక్క మాట కటువుగా అనరు. ఉన్న బాధల్లా ఒకటే. పొద్దున్న ఏడు గంటలకు పేపరు రాగానే రాజకీయాలు, ధరలు, చావు కబుర్లు అన్నీ వదిలేసి, పేజీ మూలన గడి కట్టి వేసే వింత వార్త వెతుక్కుంటారు. దాన్ని వంటింటి గుమ్మంలో నిలబడి పైకి చదువుతారు. నాకు అప్పుడే పోపు, అప్పుడే పిల్లవాడి డబ్బా, అప్పుడే మా వారి చొక్కా ఇస్త్రీ. చదవడం అయ్యాక “విన్నావా అమ్మా?” అంటారు. విన్నానని చెప్పేదాకా గుమ్మం వదలరు. పోయిన నెలలో ఉప్మాలో రెండుసార్లు ఉప్పు పడింది. నాలుగో తరగతి చదివే మా అబ్బాయి కూడా ఆయన మోచేతి కింద నుంచి పేపరులోకి తొంగిచూస్తూ బడికి ఆలస్యం చేస్తున్నాడు. వాడికి బడిలో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు మాట్లాడతాడు గాని చదవడం రాదు. ఫోనులో వచ్చే వింతలైతే మావయ్యగారు నిజమో కాదో చూడకుండా చుట్టాలందరికీ పంపుతారు.

ఇదంతా ఓర్చుకున్నాను. కిందటి ఆదివారం మా ఆడపడుచుకు పెళ్లిచూపులు. సరిహద్దు అవతల, ఆంధ్రలోని పాతపట్నం సంబంధం. పెళ్లికొడుకు తండ్రి సైన్యంలో పనిచేసి వచ్చినాయన. టీలు ఇచ్చాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మావయ్యగారు గొంతు సవరించుకుని, “ఆస్ట్రేలియాలో సైన్యం ఈమూ పక్షుల మీదికి యుద్ధానికి వెళ్లి ఓడిపోయిందట, విన్నారా బావగారూ?” అన్నారు. అని తనొక్కరే నవ్వారు. పెళ్లికొడుకు తండ్రి టీ గ్లాసు కింద పెట్టేశారు. వారమైంది, అటు నుంచి ఫోను లేదు. మా వారు “నువ్వే చెప్పు, నీ మాటైతే వింటారు” అంటున్నారు. ఆయన మనసు నొప్పించకుండా ఈ అలవాటు మాన్పించేది ఎలా?
— ఒక కోడలు, పర్లాకిమిడి

అమ్మాయీ,

ముందు ఈమూల సంగతి తేల్చుకుందాం. నీ దిగులంతా అక్కడే ఉంది గనుక.

మీ మావయ్యగారు అబద్ధం చెప్పలేదు. 1932 నవంబరులో పశ్చిమ ఆస్ట్రేలియా గోధుమ చేల మీద సుమారు ఇరవై వేల ఈమూలు పడ్డాయి. సైన్యం నుంచి ఒక మేజరు, రెండు మెషిన్‌గన్లు, పది వేల తూటాలు బయలుదేరాయి. పక్షులు ఒక్కచోట నిలబడి చావడానికి ఒప్పుకోలేదు. తుపాకి మోత వినగానే చిన్న చిన్న గుంపులుగా చీలి తలో దిక్కుకు పరుగెత్తాయి. డిసెంబరులో సైన్యం సామాను సర్దుకుని వెళ్లిపోయింది. గడి కట్టిన వార్తలో ఇంతవరకే పడుతుంది, ఎందుకంటే ఆ గడిలో అంతకంటే చోటుండదు.

పట్టని ముక్క ఒకటుంది. ఆ చేలు చాలావరకు ఎవరివనుకున్నావు? మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగి వచ్చిన సైనికులవి. వ్యవసాయం చేసుకు బతకమని ప్రభుత్వం వాళ్లకు అక్కడ భూములిచ్చింది. తీరా పండించాక గోధుమ ధర పడిపోయింది, ఆ మీద పక్షులు వచ్చాయి. వాళ్లకు పురుగుమందుల సంగతి తెలియకపోవచ్చు గాని మెషిన్‌గన్ను ఏం చేస్తుందో బాగా తెలుసు. అందుకని అదే కావాలని అడిగారు. మీ మావయ్యగారు ఈ ముక్క కూడా చెప్పి ఉంటే ఆ పాతపట్నం పెద్దమనిషి టీ గ్లాసు కింద పెట్టి ఉండేవాడు కాదని నా నమ్మకం. “మాజీ సైనికుడికి ఇచ్చే భూమి సంగతి నన్నడగండి బావగారూ” అని మొదలుపెట్టేవాడు. రెండో విడత టీ పెట్టవలసి వచ్చేది. ఆయన చెవిన పడింది సగం కబురు, ఆ సగంలో ఓడిపోయింది సైన్యం. ఎవరికి మాత్రం బాగుంటుంది?

ఆ మాటకొస్తే ఈమూ మన తెలుగు రైతుల మీద కూడా గెలిచింది. నూనె అన్నారు, మాంసం అన్నారు, ఈక కూడా అమ్ముడుపోతుందన్నారు. అప్పులు చేసి షెడ్లు వేసినవాళ్లు కొనేవాడు లేక ఆ ఆరడుగుల పక్షికి దాణా వేయలేక ఏడ్చారు. దీనికి ఒక్క తూటా కూడా ఖర్చు కాలేదు. ఇది కూడా మీ మావయ్యగారికి చెప్పు. ఈసారి రైతు ఇంటి సంబంధం వస్తే మాత్రం నోరు మెదపవద్దని చెప్పు.

సంబంధం గురించి ఒక మాట. వారం రోజులు ఫోను రాకపోతే అది పక్షుల వల్ల అనుకోకు. జాతకాలు చూపిస్తూ ఉండవచ్చు, ఇంకో చోట చూస్తూ ఉండవచ్చు, మేనమామ ఊళ్లో లేకపోవచ్చు. ఈమూ మాట వల్లే మానేసే మనుషులైతే మీ ఆడపడుచు అక్కడ నవ్వకుండా బతకాలి. అది మాత్రం ఆలోచించు.

ఇప్పుడు నీ ప్రశ్న. ఈ అలవాటు నువ్వు మాన్పించలేవు. నేను కూడా మాన్పించమనను. ముప్పై ఏళ్లు ఒక కిటికీ వెనక కూర్చున్న మనిషి ఆయన. రోజుకు ఎన్ని వందల మొహాలు చూసి ఉంటాడో! అందరితోనూ ఒక్కటే మాట, “ఎక్కడికి?” అవతలివాడు ఊరి పేరు చెప్పి డబ్బిస్తాడు, టికెట్టు తీసుకుని వెళ్లిపోతాడు. ఎందుకు వెళ్తున్నాడో, వెళ్లి ఏం చేశాడో చెప్పడు. ఇన్నేళ్లు అలా మొదళ్లు మాత్రమే విన్న మనిషికి కథలంటే ఆకలి ఉండదా? ఇప్పుడు ఆయనకు కిటికీ లేదు. నీ వంటింటి గుమ్మం ఉంది.

కాని నీ ఉప్మా సంగతి కూడా చూడాలి. దానికి ఒక నాటు వైద్యం చెబుతాను, మా ఇంట్లో పనిచేసింది. రేపు పొద్దున్న పేపరు రాకముందే ఆయన ముందు ఒక చేట, చేటలో మునగాకు పెట్టు. “మావయ్యగారూ, కాస్త దూసి పెడతారా, నాకు చెయ్యి ఆడటం లేదు” అను. కాదనరు. మునగాకు దూయడానికి రెండు చేతులూ కావాలి. చేతిలో పేపరు ఉన్న మనిషి చదువుతాడు, చేతిలో మునగాకు ఉన్న మనిషి చెబుతాడు. ఈ రెంటికీ చాలా తేడా ఉందమ్మా. చదివేటప్పుడు ‘సదరు’, ‘కాగా’, ‘పేర్కొన్నారు’ అన్నీ వస్తాయి, పావుగంట పడుతుంది. చెప్పేటప్పుడు ముఖ్యమైనది మాత్రమే నోటికి వస్తుంది, మూడు నిమిషాల్లో అయిపోతుంది. పైగా కూర్చుంటారు కాబట్టి గుమ్మం ఖాళీ అవుతుంది. ఆకు దొరకని రోజు వెల్లుల్లి రెబ్బలు. ఉల్లిపాయలు మాత్రం వద్దు, వింత వార్త చెబుతూ కన్నీళ్లు పెట్టుకుంటే ఎవరైనా చూసి ఏమనుకుంటారో.

అయ్యాక “విన్నావా అమ్మా?” అంటారు కదా. ‘విన్నాను’ అనకు. “తరువాత ఏమైంది మావయ్యగారూ?” అను.

ఈ మాట విలువ నాకు మా అత్తగారు నేర్పారు. నేను బరంపురంలో పుట్టి, బరంపురంలోనే మెట్టినదాన్ని. 1995 సెప్టెంబరు 21, గురువారం. నాకు పెళ్లయి ఏడాది. తెల్లవారేసరికి ఎవరో తలుపు కొట్టి, వినాయకుడు పాలు తాగుతున్నాడన్నారు. ఆ రోజు దేశమంతా ఇదే వార్త, నీకు గుర్తుండదు, బహుశా నువ్వింకా పుట్టలేదు. మా దేవుడి గూట్లో పీట మీద నల్లరాతి గణపతి ఒకడు ఉండేవాడు, అరచేతిలో పడతాడు. వెండి చెంచా నిండా పాలు తొండం దగ్గర పెట్టాను. అంచు తగిలించీ తగిలించగానే పాలు తగ్గడం నా కళ్లతో చూశాను. ఒళ్లు జలదరించింది. మధ్యాహ్నానికి వీధిలో పాలు లేవు. మా పాలాయన ఆ రోజు రెండోసారి వచ్చాడు, జీవితంలో మొదటిసారి నీళ్లు కలపకుండా తెచ్చాడు, దేవుడికని తెలిసి.

మా మావగారు, మా వారు, పక్కింటివాళ్లు అందరూ సాయంత్రం దాకా చెంచాలతో వరసలో ఉన్నారు. మా అత్తగారు ఒక్కరే ఏమీ అనకుండా చూస్తూ కూర్చున్నారు. మర్నాడు పొద్దున్నే లేచి, పీట జరిపారు. పీట కింద నిన్న వేసిన ముగ్గు పిండి కరిగి ముద్దయి ఉంది. చెక్క సందుల్లో పాలు ఇంకి పులిసిన వాసన. గోడ మూల నుంచి సన్నగా చీమల బారు, గణపతి పొట్ట వెనక నుంచి పైకెక్కి తొండం దాకా వెళ్లింది. ఆవిడ చిటికెడు పసుపు చల్లి, “ఆయన తాగినంత తాగాడు, మిగిలింది వీటికి వదిలాడు” అన్నారు. అంతే. ఆ తరువాత ఢిల్లీ శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి, చెంచా అంచున రాయి తగలగానే పాలు పైకి లాగబడి, విగ్రహం ఒంటి మీదుగా పలచటి పొరలా కిందికి జారడం చూపించారట. మా అత్తగారికి ఆ సంగతి చీమలు ముందే చెప్పాయి. ఆవిడ భక్తి తగ్గలేదు, మర్నాడు కూడా దీపం పెట్టారు. పాలు మాత్రం మామూలుగా గిన్నెలోనే నైవేద్యం పెట్టారు.

పేపరులో వింత వార్తకు రెండో రోజు ఉండదమ్మా. దాన్ని ఇంట్లోవాళ్లే వెతుక్కోవాలి. మీ మావయ్యగారి చేత ఆ రెండో రోజు వెతికించు. బెల్జియంలో ఒక రైతు తన ట్రాక్టరుకు అడ్డంగా ఉందని సరిహద్దు రాయిని రెండు మీటర్లకు పైగా ఫ్రాన్సు లోపలికి జరిపాడని 2021లో వార్త వచ్చింది. ఆ రాయి మీద 1819 అని చెక్కి ఉంది. తన దేశం పెరిగిందన్న సంగతి ఆ రైతుకు తట్టి ఉండదు. ఇది విని నవ్వుకుంటాం. రాయి వెనక్కి వెళ్లిందా, ఎవరు మోశారు, ఖర్చు ఎవరిది? ఇవన్నీ ఆయన కనిపెట్టి చెప్పాలి. ఫోను ఎలాగూ చేతిలో ఉంది, దాన్ని ఈ పనికి వాడమను.

ఫోను అంటే గుర్తొచ్చింది. ఆయన చుట్టాలకు పంపే వింతలు నిజమో కాదో చూడరన్నావు. ‘ఇది అబద్ధం’ అని ఎప్పుడూ అనకు, అది ఆయన ముఖం మీద చెప్పినట్లే. “ఏ ఊరు మావయ్యగారూ?” అని అడుగు. టికెట్టు ఇచ్చిన మనిషికి ఆ ప్రశ్న విలువ తెలుసు. ఊరు లేని వార్తకు టికెట్టు లేదు. మన జాతీయగీతం ప్రపంచంలోకెల్లా ఉత్తమమని యునెస్కో ప్రకటించిందంటూ ప్రతి ఆగస్టులోనూ వస్తుంది చూడు, అందులో ఎవరు, ఎక్కడ, ఏ సమావేశంలో అన్నది ఎప్పుడూ ఉండదు. ఆ సంస్థే ఎన్నడో కాదని చెప్పింది. అయినా ఏటా వస్తుంది, చుట్టం చూపుగా.

అలాగని ఊరున్నదల్లా నిజమని కాదు. ‘ఓ స్త్రీ రేపు రా’ రోజులు నాకు బాగా గుర్తు. రాత్రిపూట ఒక ఆడదెయ్యం వచ్చి తలుపు కొడుతుందని, గుమ్మం మీద ఇలా రాసి ఉంటే చదువుకుని వెనక్కి పోతుందని, మర్నాడు మళ్లీ వచ్చినా అదే చదువుకుంటుందని చెప్పేవారు. మా వీధిలో సగం ఇళ్లు తెలుగువాళ్లవి, సగం ఒడియావాళ్లవి. దెయ్యానికి ఏ లిపి వచ్చో ఎవరికీ తెలియదు. ఎదురింటి మౌసీ మా తలుపు మీద తెలుగు చూసి భయపడి, నన్ను పిలిచి తన తలుపు మీద రెండూ రాయించుకుంది. ఒడియాలో ‘కాలి ఆస’ అని రాశాను. ఒడియాలో కాలి అంటే రేపూ, నిన్నా కూడా. అది చదివిన దెయ్యం, రావలసింది రేపా, నిన్ననే వచ్చి వెళ్లిపోయిందా తేల్చుకోలేక ఇప్పటికీ ఎక్కడో ఆలోచిస్తూ నిలబడి ఉంటుంది.

అసలు మన వైపు వాళ్లకు వింత వార్తలు వింతగా ఎందుకు ఉండాలో నాకు అర్థం కాదు. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో, తెలంగాణ అంచున, మహారాజగూడ అనే ఊళ్లో ఒక ఇంటి మధ్య నుంచి సరిహద్దు గీత పోతుందని 2022 డిసెంబరులో పేపర్లన్నీ రాశాయి. నాలుగు గదులు అటు, నాలుగు గదులు ఇటు. వండేది ఒక రాష్ట్రంలో, పడుకునేది ఇంకో రాష్ట్రంలో. రెండు చోట్లా పన్ను కడతారు. దేశమంతా ముక్కున వేలేసుకుంది. కోరాపుట్ జిల్లా కొటియా వైపు వాళ్లు చదివి ఉంటే ‘ఇందులో ఏముంది’ అని పక్క పేజీకి పోయి ఉంటారు. అక్కడ ఒడిశాకు ఓటు, ఆంధ్రకు ఓటు, అటు రేషను, ఇటు రేషను. ఆ తగువు 1968లోనే సుప్రీంకోర్టు గడప ఎక్కింది. మీ ఊరే తీసుకో. పాతపట్నం బండ్లు పెట్రోలు పోయించుకోవడానికి మీ వైపు వస్తాయి, లీటరు ధర ఇటు తక్కువ గనుక. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా వెళ్తూ వెళ్తూ ట్యాంకు నింపుకుని ఉంటారని నా అనుమానం. ఆ లెక్కన వాళ్ల ప్రయాణం వృథా కాలేదు.

మీ మావయ్యగారికి నా తరఫున ఒక కానుక పంపుతున్నాను, రైల్వే మనిషి కాబట్టి. మహారాష్ట్ర, గుజరాత్ సరిహద్దు మీద నవాపూర్ అనే స్టేషను ఉంది. సరిహద్దు ప్లాట్‌ఫారం మీదుగానే పోతుంది. టికెట్ల కిటికీ మహారాష్ట్రలో, స్టేషను మాస్టరు గది గుజరాత్‌లో. కిటికీ దగ్గర చిల్లర అయిపోతే పక్క రాష్ట్రానికి వెళ్లి తేవాలి! ఆయన దీని మీద నీకంటే బాగా నవ్వుతారు, చూడు.

ఇక నువ్వు నీ ఉత్తరంలో ఫిర్యాదుగా రాసిన ఒక వాక్యం నన్ను ఆపేసింది. తెలుగు చదవడం రాని పిల్లవాడు తెలుగు పేపరులోకి ఎందుకు తొంగిచూస్తున్నాడమ్మా? బొమ్మల కోసం అనకు, ఆ మూల గడిలో బొమ్మ ఉండదు. తాతగారి నోట్లోంచి వచ్చే ఈమూ ఆ కాగితం మీద ఎక్కడ దాక్కుందో చూస్తున్నాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని ఆయన పోరాడారు. ఇప్పుడు అదే ఊళ్లో మాట నోట్లో ఉంది, అక్షరం అందటం లేదు. ‘ఈమూ’లో ఉన్నవి రెండే అక్షరాలు. ఈ, మూ. ఒక పొద్దున్న పని.

బడి ఉన్న రోజు వద్దు, ఆలస్యం నిజమే. ఆదివారం మునగాకు అయ్యాక ఇద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టు. తాతగారు వార్త సగం చదివి ఆపాలి. మిగతాది కావాలంటే మనవడు కూడబలుక్కోవాలి. మొదటి ఆదివారానికి వార్త నేనే ఇస్తాను. 1992 జనవరిలో పసిఫిక్ సముద్రం మీద తుపానులో ఒక ఓడ నుంచి పెట్టెలు కొట్టుకుపోయాయి. ఒక పెట్టెలో 28,800 ప్లాస్టిక్ బొమ్మలు, పిల్లలు స్నానం చేసేటప్పుడు నీళ్లలో వేసుకునేవి. పసుపుపచ్చ బాతులు, నీలం తాబేళ్లు, ఆకుపచ్చ కప్పలు, ఎర్ర బీవర్లు (నీళ్లలో ఈదే ఒక జంతువు). అన్నీ సముద్రంలో పడి తేలుతూ బయలుదేరాయి. ఇక్కడ ఆపమను.

మీ వాడు ‘ఎక్కడికి?’ అని అడుగుతాడు. మీ మావయ్యగారు ఆ ప్రశ్న అడగడమే గాని ఇన్నేళ్లలో తనను ఎవరైనా అడగగా విని ఉండరు. ఏం చెబుతారో గుమ్మంలో నిలబడి విను, ఈసారి నువ్వు. పది నెలల తరువాత అలాస్కా ఒడ్డుకు మొదటి బొమ్మలు చేరాయని, సముద్రం పైభాగంలో ప్రవాహాలు ఎటు తిరుగుతాయో లెక్కకట్టడానికి శాస్త్రవేత్తలకు అవి పనికొచ్చాయని ఆయనకు ముందే చెప్పి ఉంచు. పిల్లవాడికి చెప్పకు.

పాతపట్నం నుంచి ఫోను వస్తే రెండు ముక్కలు రాయి. రాకపోయినా రాయి. వస్తే మాత్రం, ఆ భూమి సంగతి అడగమని మావయ్యగారికి గుర్తుచేయి.